రంగు మందు ఎక్కించని సీటీ: కవిటి నుంచి వచ్చిన ఒక గుండె కేసు

ఆయన వయసు 58. ఊరు కవిటి మండలంలో. కొబ్బరి చెట్లెక్కి కాయలు దించడం చిన్నప్పటి నుంచీ ఆయన పని. సోంపేటలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళంలోని నా ఓపీకి వచ్చేసరికి పదకొండు దాటింది. వెంట భార్య ఉంది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఒక ఈసీజీ, ఒక ఎక్స్‌రే, బెల్టు మీద నడిపిస్తూ గుండెను చూసే టీఎంటీ పరీక్ష రిపోర్టు ఒకటి, అన్నిటికీ పైన ఒక చీటీ ఉన్నాయి. చీటీలో రెండే ముక్కలు: టీఎంటీ పాజిటివ్, సీటీ కరోనరీ యాంజియో చేయించాలి. అంటే రంగు మందు ఎక్కించి గుండె రక్తనాళాలను చూసే స్కాన్. మర్నాటికే విశాఖలో స్కానింగ్‌కు పేరు రాయించేశారు. వాళ్లు నా దగ్గరకు వచ్చింది వైద్యానికి కాదు, ఒక్క మాట అడిగి వెళ్లడానికి.

"డబ్బులు కట్టీమంటారా బావూ?" అంది ఆవిడ.

నేను ఆ చీటీ పక్కన పెట్టి ఆయన్ని మొదటి నుంచీ చెప్పమన్నాను. కుటుంబం అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆయన చెప్పింది, ఆమె చెప్పింది

"నడస్తంటే గుండి మీద రాయి ఎట్టినట్టుంటాది. నిలబడిపోతే తగ్గిపోతాది." ఇలా మొదలై రెండేళ్లయింది. మొదట్లో చెట్టు సగం ఎక్కాక ఆయాసం వచ్చేది. తర్వాత చెట్టు జోలికే పోవడం మానేశారు. ఇప్పుడు సైకిల్ మీద కాయల బస్తా వేసుకుని తోసుకుంటూ వెళ్లాలన్నా మధ్యలో మూడుసార్లు ఆగాల్సిందే. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ బిళ్లలిచ్చాడు. ఒళ్లు నొప్పులకు నొప్పి బిళ్లలు వేరే, అవి ఏళ్ల తరబడి వాడుతున్నారు.

కళ్లు తిరగడం గురించి అడిగితే ఆయన తల అడ్డంగా ఊపారు. భార్య ఊరుకోలేదు. "అబద్దమాడతన్నాడు బావూ. కాయల బుట్ట ఎత్తతా ఎత్తతా దొడ్లో పడిపోనాడు. నీల్లు జల్లితే లేసినాడు."

గుండెల్లో బరువు, ఆయాసం, పని మధ్యలో స్పృహ తప్పడం. ఈ మూడూ ఒక మనిషిలో కలిసి కనిపిస్తే స్టెతస్కోపు గుండె మీద పెట్టకముందే అయోర్టిక్ వాల్వ్ గుర్తుకు రావాలి. గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం బయల్దేరే ద్వారం అది. దాని మీద సున్నం పేరుకుని గట్టిపడితే తలుపు సగం కూడా తెరుచుకోదు. ఊరికే కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం, పని మొదలుపెడితే చాలదు.

స్టెతస్కోపు పెట్టాను. ఛాతీకి కుడివైపు పైన గరగరమని మర్మర్ అనే అదనపు చప్పుడు, అక్కడి నుంచి మెడ దాకా పాకుతోంది. అంతకంటే ముఖ్యమైనది, గుండె రెండో చప్పుడు దాదాపు వినబడటం లేదు. కవాటం టక్కున మూసుకుంటే వచ్చే చప్పుడది. రాయిలా బిగుసుకున్న కవాటం అంత చప్పుడు చేయదు. మెడ దగ్గర నాడి కూడా మెల్లగా, బద్ధకంగా లేస్తోంది.

అప్పుడు టీఎంటీ రిపోర్టు తీసి చదివాను. మొదటి దశలోనే, 2 నిమిషాల 40 సెకన్లకు ఆపేశారు. మొదలుపెట్టినప్పుడు బీపీ 136, ఆపినప్పుడు 108. "బెల్టు మీద నడిపిస్తే కల్లు తిరిగిపోనాయి" అని అప్పుడు ఆయన ఒప్పుకున్నది ఇదే. నడిచేవాడికి బీపీ పెరగాలి. పడిపోయిందంటే గుండె చేతులెత్తేస్తోందని అర్థం. ఆ అంకెను ఎవరూ పట్టించుకోలేదు. గ్రాఫులో ఎస్‌టీ గీత కిందికి దిగింది కాబట్టి పాజిటివ్ అని రాసేశారు. ఆయన ఈసీజీలో విశ్రాంతిగా ఉన్నప్పుడే ఎడమ జఠరిక (రక్తాన్ని ఒంటికి పంపే గది) గోడ మందమైన ఛాయలున్నాయి. అలాంటి గుండెలో ఎస్‌టీ గీత దిగినంత మాత్రాన రక్తనాళాల్లో అడ్డంకులున్నాయని చెప్పలేం. పైగా లక్షణాలున్న తీవ్రమైన అయోర్టిక్ స్టెనోసిస్‌లో, అంటే ఆ వాల్వ్ ఇరుకైన జబ్బులో, ట్రెడ్‌మిల్ చేయకూడదని మాకు మొదట్లోనే నేర్పుతారు. ఆ బెల్టు మీద ప్రాణం పోయేది. పరీక్ష చేసింది ఎవరన్నది ఇక్కడ అనవసరం. కానీ బెల్టు ఎక్కించే ముందు ఛాతీ మీద ఒక్క నిమిషం స్టెతస్కోపు పెట్టి ఉంటే ఈ మనిషి ఆ ప్రమాదంలో పడేవాడే కాదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

కవరులో లేని కాగితం

కవిటి అనగానే నేను వెతికింది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు. కవరులో లేదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస: ఈ మండలాలను కలిపి ఉద్దానం అంటాం. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళ్లకు పచ్చగా కనబడే సీమ. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా ఇక్కడ కిడ్నీలు చల్లగా, చప్పుడు లేకుండా చెడిపోతాయి. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాళ్ల వాపు రాదు, అందుకే చాలామందికి ముదిరేదాకా తెలియదు. కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ మొదలయ్యాయి. కిడ్నీ డాక్టర్లకు ఇదంతా కొట్టిన పిండి. గుండె పరీక్షలు రాసే మాబోటి వాళ్లకే గుర్తుండటం లేదు.

"ఎప్పుడైనా రక్తం తీశారా?" అన్నాను.

"తిత్లీ తుపానేడు క్యాంపులో తీసినారు. కిడ్నీ కొంచిం తేడా ఉందన్నారు. మల్లీ ఎల్లనేదు."

తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. తోటలు నేలమట్టమైన ఏడాది అది, కిడ్నీ సంగతి ఎవరికి గుర్తుంటుంది? వెంటనే రక్తం తీయించాను. క్రియాటినిన్ 2.6. వయసుతో లెక్కగడితే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 28.

సీటీ కరోనరీ యాంజియో మంచి పరీక్ష. గుండె నొప్పి అనుమానంగా ఉండి, కిడ్నీలు బాగున్న మనిషికి నేనే రాస్తాను. ఈయనకు మాత్రం అది మూడు రకాలుగా బెడిసికొట్టేది. మొదటిది, 60 నుంచి 80 మిల్లీలీటర్ల రంగు మందు నరంలోకి ఎక్కించాలి. డై (ఈ రంగు మందే) అనగానే కిడ్నీలు పోతాయని అందరినీ భయపెట్టడం సరికాదు. నరంలోకి ఎక్కించే డై వల్ల నష్టం మనం ఒకప్పుడు అనుకున్నదానికంటే తక్కువేనని ఇప్పుడు తెలుసు. కానీ ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే దిగిన వాళ్ల విషయంలో ఆ జాగ్రత్త నేటికీ వదల్లేం. రెండోది ఇంకా ప్రమాదకరం. బొమ్మ స్పష్టంగా రావడానికి నాళాలు విప్పారాలని నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెడతారు, గుండె వేగం తగ్గడానికి బీటా బ్లాకర్ ఇస్తారు. ద్వారం మూసుకుపోయిన గుండెకు ఈ రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. మూడోది, కిడ్నీ జబ్బున్నవాళ్ల నాళాల్లో సున్నం ఎక్కువ ఉంటుంది, సీటీలో అది మెరిసిపోయి ఉన్న అడ్డంకి కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఇంత చేసినా జవాబు దొరికేది "నాళాల్లో అడ్డముందా" అన్న ప్రశ్నకు. ఆయన గుండె అడుగుతున్నది "తలుపు ఎంత మూసుకుంది" అని.

"డబ్బులు కట్టొద్దమ్మా" అన్నాను.

రెండు ఎకోలు

ఆ రోజే ఎకో (గుండె అల్ట్రాసౌండ్) చేశాను. ఇక్కడ నా తప్పు ఒకటుంది, అది చెప్పకపోతే ఈ కేసు రాయడంలో అర్థమే లేదు.

ఎడమ జఠరిక బాగానే బిగుస్తోంది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గదిలోని రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి పోయే వాటా) 58 శాతం. గోడలు మందం, లోపలి గది చిన్నది. అయోర్టిక్ వాల్వ్ మీద సున్నం ఎంత మెరుస్తోందంటే రేకులు రెండా మూడా లెక్కపెట్టలేకపోయాను. ఆయన్ని ఎడమ పక్కకు తిప్పి, గుండె కొన దగ్గర ప్రోబ్ పెట్టి డాప్లర్ తీస్తే రక్తం వేగం సెకనుకు 3.1 మీటర్లు, సగటు గ్రేడియెంట్ (కవాటానికి ఇటూ అటూ ఉన్న పీడనం తేడా) 23. వేగం 4, గ్రేడియెంట్ 40 దాటితే తీవ్రం అంటాం. ఈ లెక్కన మధ్యరకం. కవాటం వైశాల్యం మాత్రం 0.7 చదరపు సెంటీమీటర్లు వచ్చింది, అది 1 కంటే తక్కువైతే తీవ్రం. ఒక అంకె తీవ్రమంటోంది, రెండు అంకెలు కాదంటున్నాయి. బయట ఇంకా ముప్పై మంది కూర్చున్నారు. వైశాల్యం కొలతలో పొరపాటు జరిగి ఉంటుందనుకున్నాను. జఠరిక బయటి దారి వ్యాసాన్ని వర్గం చేస్తాం కాబట్టి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా లెక్క తారుమారవుతుంది. రిపోర్టులో "మోడరేట్" అని టైపు చేయించాను.

సంతకం పెట్టబోతూ ఆగాను. ఆ వినబడని రెండో చప్పుడు చెవిలో అలాగే ఉంది. మధ్యరకం జబ్బులో ఆ చప్పుడు అంతగా మాయమవ్వదు, బీపీ అలా పడిపోదు, మనిషి దొడ్లో కూలిపోడు. నా చెవి ఒకటి చెబుతుంటే నా యంత్రం ఇంకొకటి చెబుతోంది. ఆ రిపోర్టు చించేసి, ఓపీ అయ్యేదాకా ఉండగలరా అని అడిగాను. రాత్రి రైలు ఉందన్నారు.

సాయంత్రం మళ్లీ పడుకోబెట్టాను. ఈసారి కుడి పక్కకు. ఫ్యాను ఆపించాను. పెన్సిల్ ప్రోబ్ అని సన్నటిది ఒకటుంటుంది, బొమ్మ చూపించదు, ధ్వని మాత్రం వినిపిస్తుంది. చాలా చోట్ల అది డ్రాయరులోనే పడి ఉంటుంది. ఛాతీ ఎముక అంచున కుడివైపు పక్కటెముకల మధ్య చల్లటి జెల్ రాసి, ఆ ప్రోబ్ పెట్టి, ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ విన్నాను. మొదట బొంగురుగా, గాలి కలిసిన చప్పుడు. ప్రోబ్ తోకను కొంచెం కిందికి వంచేసరికి అది సన్నగా, ఈల వేసినట్టు పైకి లేచింది. తెర మీద గీత కూడా దాంతోపాటే లేచింది. 3.6.

డాప్లర్ నిజం చెప్పాలంటే ప్రోబ్ చూపు రక్తపు ధారకు తిన్నగా ఉండాలి. చూపు 30 డిగ్రీలు పక్కకు జరిగితే 3.6 కాస్తా 3.1గా కనిపిస్తుంది. సున్నం పట్టిన కవాటంలోంచి ధార నడిమికి రాకుండా పక్కకు చిమ్ముతుంది, గుండె కొన దగ్గర నుంచి చూస్తే అందదు. వేగాన్ని వర్గం చేసి గ్రేడియెంట్ కడతాం కాబట్టి చిన్న తప్పు పెద్దదవుతుంది. కొత్త కొలతతో సగటు గ్రేడియెంట్ 32, వైశాల్యం 0.6.

ఇంకా 40 రాలేదు కదా? రాదు. ఎందుకంటే ఆ గుండె ఒక్కో దెబ్బకు పంపుతున్న రక్తమే 48 మిల్లీలీటర్లు. ఆయన ఒంటి వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు 32, 35 కంటే తగ్గితే గుండె తక్కువ రక్తం పంపుతున్నట్టే లెక్క. కొళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నప్పుడు మూతికి వేలు అడ్డం పెట్టినా ధార దూరం చిమ్మదు, అడ్డు లేక కాదు, నీళ్లే లేక. గోడలు మందమై గది ఇరుకైన గుండెలో ఇదే జరుగుతుంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ నార్మల్‌గా ఉంటుంది, అదే మనల్ని మోసం చేస్తుంది.

రంగు మందు వద్దు

ఇప్పుడు తేల్చాల్సింది ఒక్కటే: ఇది నిజంగా తీవ్రమైనదేనా? ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గిన గుండెకైతే డోబుటమిన్ ఎకో (మందుతో గుండెను గట్టిగా కొట్టించి చూసే ఎకో) అడుగుతాం, ఇక్కడ అది అంతగా పనికిరాదు. ఎంఆర్‌ఐ, న్యూక్లియర్ స్కాన్ వేరే ప్రశ్నలకు జవాబులు. దీనికి సరైనది సీటీయే. ఒక్క చుక్క రంగు మందు లేని సీటీ.

కాల్షియం స్కోర్ అంటే అదే. సున్నం సీటీలో దానంతటదే తెల్లగా కనిపిస్తుంది, దానికి డై అక్కర్లేదు. గుండె నాళాల సున్నాన్ని ఇలా అంకెగా కొలిచే పద్ధతిని 1990లో అగాట్‌స్టన్ అనే అమెరికా వైద్యుడి బృందం ప్రచురించింది, యూనిట్లకు ఆయన పేరే ఉంది. అదే లెక్కను అయోర్టిక్ కవాటానికి వాడతాం. మగవాళ్లలో 2000 దాటితే తీవ్రమని బలంగా అనుకోవచ్చు, ఆడవాళ్లలో 1200 దాటితే చాలు. ఆడవాళ్ల కవాటం సున్నం కంటే పీచు కట్టి ఎక్కువ బిగుస్తుంది కాబట్టి వాళ్లకు గీటు కిందికి జరిపారు. ఆ తేడా తెలియక ఆడవాళ్ల రిపోర్టులను తేలిగ్గా తీసేయడం నేను చూశాను. ఈసీజీకి జత చేసి, ఊపిరి బిగబట్టించి తీస్తారు, బల్ల మీద పడుకున్న ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇబ్బందల్లా ఒకటే. గుండె జబ్బు, సీటీ అని చీటీ మీద కనబడితే చాలు, స్కానింగ్ గదిలో చేతికి సూది గుచ్చేసి డై సిద్ధం చేసేస్తారు. అలవాటు అలాంటిది. అందుకని చీటీ మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలతో రాశాను: రంగు మందు వద్దు, కాల్షియం స్కోర్ మాత్రమే, అయోర్టిక్ వాల్వ్‌కు. ఆయనతో కూడా మూడుసార్లు అనిపించాను. "సూది గుచ్చితే ఈ కాయితం సూపించాలి, ఫోను సెయ్యాలి." విశాఖలో నిజంగానే సూది తీసుకుని వచ్చారట. ఆయన చొక్కా జేబులోంచి కాగితం తీసి చూపించారు. టెక్నీషియన్ నాకు ఫోన్ చేశాడు, డై లేకుండా తీసి పంపాడు.

స్కోరు 2780.

ఇక సందేహం లేదు. నొప్పి బిళ్లలు ఆ రోజే ఆపించాను. చెట్టు ఎక్కడం, బరువు మోయడం ఎటూ వద్దు. గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని వేరే చోట ఇచ్చిన బిళ్ల కవరులోంచి తీయించేశాను. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, పథకం పేరు మారినా జనం నోట ఇంకా అదే పేరు. దాని కింద విశాఖలో వాల్వ్ మార్చే ఆపరేషన్ ఖాయమైంది. ఆపరేషన్‌కు ముందు నాళాలు చూడక తప్పదు కాబట్టి మణికట్టు దగ్గర నుంచి యాంజియోగ్రామ్ చేశారు. ముందు రాత్రి నుంచి సెలైన్ జాగ్రత్తగా ఎక్కించి, ఈజీఎఫ్‌ఆర్ ఎంత ఉందో అన్ని మిల్లీలీటర్లు మించకూడదని పట్టుబట్టి 22 మిల్లీలీటర్లతో ముగించారు. పెద్ద అడ్డంకులేమీ లేవు. ఆయన గుండె మీది రాయి మొత్తం కవాటానిదే.

లోహపు వాల్వా, కణజాలపు వాల్వా అన్నదానిపై ఇంట్లో వాళ్లతో చాలాసేపు మాట్లాడాం. లోహపుదైతే ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ జీవితాంతం రక్తం పలచబడే మందు, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ. కవిటిలో ఉండి, కిడ్నీ బాగోని మనిషి ఆ మందును అదుపులో పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కణజాలపుది పెట్టారు. ఆపరేషన్ తర్వాత క్రియాటినిన్ 3.1 దాకా పెరిగి, పదో రోజుకు 2.7కు దిగింది. మూడు నెలల తర్వాత ఓపీకి వచ్చినప్పుడు రెండంతస్తులు మెట్లెక్కి పైకి వచ్చారు. కిడ్నీల కోసం పలాసకు కూడా వెళ్తున్నారు.

ఓపీలో మార్చుకున్నవి

ఈ కేసు తర్వాత మా రిజిస్ట్రేషన్ కౌంటరులో ఊరు పేరు రాసుకునేటప్పుడే ఉద్దానం మండలమైతే చీటీ మీద ముద్ర వేస్తున్నాం. ఆ ముద్ర ఉంటే క్రియాటినిన్ చూడకుండా డై ఉన్న ఏ పరీక్షా రాయను. ఇచ్ఛాపురం వైపు రైలు అందుకోవాల్సిన వాళ్లకు ఎకో ముందు చేస్తున్నాం. మర్మర్ ఉండి అంకెలు పొసగని వాళ్లకు మాత్రం ఓపీ చివర నలభై నిమిషాలు విడిగా పెట్టాను, ఆ హడావుడిలో చేసిన తప్పు మళ్లీ చేయకూడదని. టీఎంటీకి వచ్చిన ప్రతి మనిషి గుండెనూ బెల్టు ఎక్కే ముందు ఒక డాక్టరు వినాల్సిందే, ఎంత రద్దీ ఉన్నా సరే. పెన్సిల్ ప్రోబ్ ఇప్పుడు డ్రాయరులో లేదు, బల్ల మీదే ఉంది.

ఇంకా అయిపోలేదు

ఆపరేషన్‌లో సర్జన్ చూసింది నేను ఎకోలో లెక్కపెట్టలేకపోయినదాన్ని. మూడు రేకులుండాల్సిన చోట ఆయనకు రెండే ఉన్నాయి, పుట్టుకతోనే. 58కే అంత సున్నం ఎందుకు పేరుకుందో దానితో కొంత అర్థమైంది. కిడ్నీ జబ్బు తోడై మిగతాది పూర్తి చేసి ఉంటుంది. రెండు రేకుల కవాటం కుటుంబాల్లో నడుస్తుంది, అందుకని కన్నబిడ్డలకూ తోబుట్టువులకూ ఒకసారి ఎకో చేయాలి.

కూతురిని ముందు తీసుకొచ్చారు, బాగుంది. కొడుకు హైదరాబాద్‌లో పని చేస్తాడు, 29 ఏళ్లు, ఏ బాధా లేదు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు తండ్రే పట్టుబట్టి తీసుకొచ్చారు. ఎకోలో కుర్రాడికి కూడా రెండే రేకులు. తలుపు బాగా తెరుచుకుంటోంది, కారడం స్వల్పం, పైనున్న ధమని వెడల్పు మామూలే. ఇప్పటికి మందులేమీ అక్కర్లేదు, క్రమం తప్పకుండా ఎకో చూసుకుంటే చాలు. క్రియాటినిన్ 0.9.

కొడుకు చొక్కా తొడుక్కుంటున్నాడు. తండ్రి నా బల్ల దగ్గరకు వచ్చి మెల్లగా అడిగారు.

"ఆడికి రంగు మందు ఏటీ ఎక్కించనేదు గదా బావూ?"

లేదన్నాను. ఆయన తల ఊపి, రిపోర్టు మడతపెట్టి తన జేబులోనే పెట్టుకున్నారు.